ఎర్ర కాలిపర్లు, ముసలి టైర్లు

మొన్న శనివారం పొద్దున్నే గచ్చిబౌలి దగ్గర ఓ ఇరానీ హోటల్ ముందు మా కార్ల పిచ్చోళ్ళం ఏడెనిమిది మందిమి చేరాం. ఒకతను కొత్తగా బిగ్ బ్రేక్ కిట్ వేయించుకొచ్చాడు. ముందు చక్రాల్లోంచి ఆరు పిస్టన్ల కాలిపర్లు, రక్తం రంగులో, చిల్లులు పొడిచిన డిస్కుల మీద కూర్చుని మెరిసిపోతున్నాయి. అందరూ చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఫోటోలు తీసుకుంటుంటే అచ్చం గర్భగుడి ముందు దృశ్యం లాగే ఉంది. నేనూ మోకాళ్ళ మీద కూర్చున్నా, కాకపోతే కాలిపర్ కోసం కాదు. టైరు పక్క గోడ మీద డాట్ అని రాసి ఉండే చోట చివరి నాలుగు అంకెలు చూద్దామని. 3118. అంటే 2018వ సంవత్సరం, 31వ వారం.

"బాస్, టైర్లు మార్చు ముందు" అన్నా.

"ఇంకా గీతలున్నయ్ కదా, నీకు కుళ్ళు" అన్నాడు.

కుళ్ళేం కాదు గానీ, ఆ తప్పు నేను ఇంతకు ముందే చేసి ఉన్నా. అదీ ఇంట్లో వాళ్ళని కూర్చోబెట్టుకుని చేశా. అందుకే ఇవాళ మొహమాటం లేకుండా రాస్తున్నా. ఇది చదివాక మా గుంపులో సగం మంది నాతో మాట్లాడకపోయినా ఫర్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మనం రోడ్డు మీద నడిపే కార్లకి పెద్ద బ్రేకులు వేయించుకోవడం అనేది తొంభై శాతం అలంకారం. కారుని ఆపేది కాలిపర్ కాదు, టైరు. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, అంతే. చక్రం ఆగాక, లేదా ఆగబోతుంటే, ఆ పైన కారు ఎంత దూరంలో ఆగాలి అనేది రోడ్డుకీ రబ్బరుకీ మధ్య తేలాల్సిన లెక్క. ఇది మనలో ఎవరికీ తెలియని సంగతి కాదు. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ లో ఘర్షణ చాప్టర్ రాయకుండా ఎవడూ ఇంజనీరు అవలేదు. అయినా లక్షలు పోసి కాలిపర్లు కొంటాం, వేలు పోసి టైర్లు కొనడానికి మాత్రం వెనకాడతాం. డేటాబేస్ లో ఇండెక్స్ లేక క్వెరీ ఏడుస్తుంటే సర్వర్ కి ర్యామ్ పెంచమనే మేనేజర్ ని చూసి నవ్వుతాం కదా, సరిగ్గా అదే పని మన గ్యారేజీలో మనం చేస్తాం.

నా కథ చెప్తా.

నాది సెకండ్ హ్యాండ్ లో కొన్న పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 హార్స్ పవరు, ఏడు గేర్ల డీఎస్‌జీ. దాన్ని స్పోర్ట్స్ కారు అంటే పోర్షా వాళ్ళు నవ్వుతారు, నిజమే. కానీ మా మోర్తాడ్ లో దాన్ని చూసిన పిల్లలెవరూ నవ్వలేదు. ఒకడైతే "అన్నా, ఇది రేసు బండా?" అని కూడా అడిగాడు :) కొన్న ఆర్నెల్లకే ఇంజను రీమ్యాప్ చేయించా. బలం పెరిగింది కాబట్టి బ్రేకులు కూడా పెంచాలి అని హైదరాబాద్ లో ఒక దుకాణం ఆయన చెప్పాడు. వినడానికి ఎంత బాధ్యతగా ఉందో చూడండి! సేఫ్టీ కోసం ఖర్చు పెడుతున్నా అని ఇంట్లో కూడా చెప్పుకోవచ్చు. లక్షా పదిహేను వేలు. ఆ డిస్కులు పోలో 15 అంగుళాల చక్రంలో పట్టవు, కాబట్టి 17 అంగుళాల అల్లాయ్ వీల్స్ కావాలి. కిట్టుకే డబ్బులయిపోయాయి కదా, అందుకని ఎవరో అమ్ముతుంటే వాడేసిన చక్రాలు టైర్లతో సహా కొన్నా. గీతలు బాగానే ఉన్నాయి. పక్కన అంకెలు చూడాలన్న జ్ఞానం అప్పటికి లేదు.

పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో ఊరికి బయల్దేరాం. ముందు సీట్లో అమ్మ, వెనకాల మా పాప. ఎన్‌హెచ్ 44 మీద కామారెడ్డి దాటి, పెర్కిట్ దగ్గర కుడికి తిరిగి ఎన్‌హెచ్ 63 ఎక్కాం. మా ప్రాంతం తెలిసిన వాళ్ళకి ఫిబ్రవరి అంటే ఏంటో చెప్పక్కర్లేదు. జూన్ లో పెట్టిన పసుపు అప్పటికి తవ్వకానికి వస్తుంది. ఆర్మూర్, వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, మెట్‌పల్లి దాకా ఎటు చూసినా తవ్వకాలు, ఉడకబెట్టే ఆవిర్లు, కళ్ళాల్లో ఆరబోసిన పసుపు, ఎండినదాన్ని నిజామాబాద్ యార్డుకి మోసే బండ్లు. తడి చేనులోంచి రోడ్డెక్కిన ప్రతి ట్రాక్టరూ టైర్లకి అంటిన మట్టిని ఓ ఫర్లాంగు దాకా తారు మీద రాల్చుకుంటూ పోతుంది. దాని మీద లారీలు తిరిగితే అది సన్నటి పొడి అవుతుంది.

వేల్పూర్ దాటాక, మసక చీకటి. నేను 90 మీద ఉన్నా. ఎడమ వైపు చేను బాట నుంచి ఒక ట్రాక్టరు పచ్చి పసుపు నింపిన ట్రాలీతో మెల్లగా రోడ్డెక్కుతోంది. వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు. నాకు కనపడేసరికి ఒక ఎనభై మీటర్లు ఉంటుందేమో. తొక్కా. లక్షా పదిహేను వేల కాలిపర్లు పట్టుకున్నాయి, ఆ విషయంలో వాటినేం అనను. పెడల్ కింద ఏబీఎస్ టకటకటక అని కొట్టుకోవడం మొదలెట్టింది, కారు మాత్రం తగ్గట్లేదు. మట్టి మీద గట్టిపడిపోయిన రబ్బరు జారుతోంది. చివర్లో ఎడమకి కోసి మట్టిలోకి దింపేశా. కుడి వైపు అద్దం ట్రాలీ మూలకి తగిలి ఊడిపోయింది. కారు చేను గట్టుకి ఆనుకుని ఆగింది. పాప ఏడవలేదు, అది ఇంకా భయం వేసింది. అమ్మ రెండు చేతులూ డాష్‌బోర్డు మీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేసా. 90 కి.మీ. వేగం అంటే సెకనుకి 25 మీటర్లు. మనిషికి తేరుకోవడానికి ఒక సెకను అనుకుంటే 25 మీటర్లు అక్కడే పోయాయి. మిగిలింది 55. మంచి టైరు పొడి తారు మీద ఘర్షణ గుణకం 0.8 దాకా ఇస్తుంది, అప్పుడు బ్రేకింగ్ దూరం 40 మీటర్లు. అంటే ట్రాలీకి ఇంకా 15 మీటర్లు ఇవతల ఆగేవాణ్ణి, హారన్ కొట్టి తిట్టుకుని వెళ్ళేవాణ్ణి. అదే 0.5 అయితే 64 మీటర్లు కావాలి. నా దగ్గర ఉన్నది 55. పక్కకి కోయకుండా నిలువునా వెళ్ళి ఉంటే గంటకి 33 కి.మీ. వేగంతో ట్రాలీ కిందికి దూరేవాళ్ళం. ట్రాలీ అంచు ఎత్తు పోలో బానెట్ కన్నా పైనే ఉంటుంది. అంటే తగిలేది బంపర్‌కి కాదు, అద్దానికి. ఆ లెక్క దగ్గర కాగితం మడిచేశా.

ఈ లెక్కలో కాలిపర్ లో ఎన్ని పిస్టన్లు ఉన్నాయో రాయడానికి ఎక్కడైనా చోటుందేమో మీరే చూడండి. లేదు. మీ బ్రేకు ఏబీఎస్ ని పలికించగలిగితే దానర్థం అది అప్పటికే టైరు పట్టు కన్నా బలమైనదని. మీ కారు కంపెనీ బ్రేకులతో ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ వస్తోందా? వస్తే మీకు ఆపే బలం కొరత లేదు. రోడ్డు కొరతో, రబ్బరు కొరతో ఉంది. రీమ్యాప్ చేయించినా ఇది మారదు. 100 నుండి ఆపడానికి కావలసిన శక్తి 105 హార్స్ పవర్ కారుకైనా, 130 కారుకైనా ఒకటే. ఇంజను ఎంత త్వరగా ఆ వేగానికి తెచ్చిందో బ్రేకుకి అనవసరం. (త్వరగా వస్తే మనం ఎక్కువ వేగాలకి పోతాం అనేది వేరే సంగతి. దానికి మందు పాదానికి వేయాలి.)

ఇక్కడ ఒకడు లేస్తాడు. "మరి వేడి సంగతేంటి? చిన్న డిస్కులు వేడెక్కి ఫేడ్ అవుతాయి కదా" అని. మంచి ప్రశ్నే. మనుషులతో కలిపి 1250 కిలోల కారుని 100 నుండి సున్నాకి ఆపితే దాదాపు 480 కిలో జౌళ్ళ శక్తి వేడిగా మారాలి. అంటే సుమారు లీటరున్నర చన్నీళ్ళని మరిగించేంత వేడి. అందులో 70 శాతం ముందు బ్రేకుల మీద పడుతుంది అనుకుందాం, ఒక్కో డిస్కు ఆరు కిలోల ఇనుము అనుకుందాం. డిస్కు ఎంత వేడెక్కింది? అరవై డిగ్రీలు. అంతే! ఒక్కసారి ప్రాణం మీదికొచ్చి తొక్కే బ్రేకుకి కంపెనీ డిస్కు చెమట కూడా పట్టించుకోదు. వేడి సమస్య వచ్చేది అదే పని నిమిషానికి ఒకసారి చొప్పున, చల్లారే టైము ఇవ్వకుండా, ఇరవై సార్లు చేస్తే. అది జరిగే చోట్లు రెండే. ఒకటి రేస్ ట్రాక్, రెండు ఘాట్ రోడ్డు.

ట్రాక్ సంగతి నాకు సొంతంగా తెలియదు కానీ, డల్లాస్ లో ఉన్న మా పాత రూమ్మేట్ కి బాగా తెలుసు. వాడి దగ్గర నిఖార్సైన స్పోర్ట్స్ కారు ఉంది, మాజ్దా మియాటా. ఆస్టిన్ లో 2012లో కట్టిన ఫార్ములా వన్ ట్రాక్ మీద డబ్బులు కట్టి తిప్పుకునే రోజులుంటాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు పొడుగాటి వెనక స్ట్రెయిట్ చివర, పన్నెండో మలుపు దగ్గర, నాలుగో రౌండులో బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేలకి దిగిపోయిందట. బతుకు జీవుడా అని పక్కనున్న ఖాళీ జాగాలోకి వెళ్ళి ఆగాడు. వాడు కూడా పెద్ద కాలిపర్లు కొందామనే బయల్దేరాడు. అక్కడి ముసలి మెకానిక్ ఒకాయన ఆపి, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావని అడిగాడట. కారు కొన్నప్పటి నుంచీ మార్చలేదు. ఆయిల్ మార్చి, ట్రాక్ కి పనికొచ్చే ప్యాడ్లు వేసుకున్నాడు. డిస్కులు, కాలిపర్లు కంపెనీవే. మూడేళ్ళుగా వాటితోనే తిరుగుతున్నాడు. నిజం స్పోర్ట్స్ కారు నిజం ట్రాక్ మీద కంపెనీ కాలిపర్లతో తిరుగుతుంటే, కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర మనకి ఆరు పిస్టన్లు ఎందుకో ఎవరైనా చెప్పండి.

బ్రేక్ ఆయిల్ అంటే మన వాళ్ళకి అసలు లెక్కే లేదు. ఇంజనాయిల్ గురించి గంటలు గంటలు కొట్టుకుంటారు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీలుస్తుంది, అదే దాని జబ్బు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నాలుగు శాతం కన్నా కాస్త తక్కువ నీళ్ళు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి, డాట్ 5.1 అయితే 260 నుంచి 180కి. మరిగితే బుడగలు, బుడగలు నలుగుతాయి, పెడల్ దిగిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. ఖర్చు రెండు సినిమాలకి వెళ్ళినంత. ఒక్కటి గుర్తుంచుకోండి, పేరు చూసి డాట్ 5 అంటే 5.1 కి అన్న అనుకోకండి. అది సిలికాన్ ది, మన కార్లలో ఉండే దానితో కలపకూడదు. (టైరు మీద డాట్, ఆయిల్ మీద డాట్ రెండూ ఒకటే, అమెరికా రవాణా శాఖ పొట్టి పేరు. మన ప్రాణాలు రెండు చోట్లా దాని పక్కనే రాసి ఉంటాయి, మనం చదవం.)

తెల్లారి మోర్తాడ్ లో మా ఇంటి దగ్గరి మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్ళా. ఆయన ఎక్కువగా ట్రాక్టర్లు, ఆటోలు చేస్తాడు. ఎర్ర కాలిపర్లు చూసి ఏమీ అనలేదు. ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూపించాడు, డికాషన్ లాగా ఉంది. హైదరాబాద్ దుకాణం వాళ్ళు కిట్ బిగించినప్పుడు పాత ఆయిల్ లోనే కొత్తది కలిపి నింపేశారన్నమాట. తర్వాత వెనక చక్రాలు విప్పాడు.

"తమ్మీ, ముందట గింత పెద్దయి ఏపిచ్చినవ్, ఎనుక డ్రమ్ములే ఉన్నయ్ కదా. ఎన్నడన్న ఇప్పి చూసినవా?"

లేదు. జీటీ టీఎస్ఐ కి వెనక డ్రమ్ బ్రేకులే. అది నాకు తెలుసు, కానీ చక్రం లోపల కనపడదు కాబట్టి ఎప్పుడూ పట్టించుకోలేదు. డ్రమ్ము నిండా లైనర్ల పొడి, ఒక పక్క అడ్జస్టర్ బిగుసుకుపోయి ఉంది.

ఇక్కడే కిట్లు అమ్మేవాళ్ళు చెప్పని సంగతొకటి ఉంది. ముందూ వెనకా బ్రేకులు ఎంతెంత పని చేయాలి అని కంపెనీ ఇంజనీర్లు లెక్క కట్టి పెడతారు. బ్రేకు తొక్కినప్పుడు బరువు ముందుకి వాలుతుంది కాబట్టి ముందు ఎక్కువ, వెనక తక్కువ. మనం ముందు పిస్టన్ల వైశాల్యమూ, డిస్కు సైజూ పెంచితే అదే పెడల్ ఒత్తిడికి ముందు చక్రాలు ఇంకా ఎక్కువ పని చేస్తాయి, వెనకవి చేయాల్సిన పనిలో సగం కూడా చేయకముందే ముందు టైర్లు హద్దు దాటతాయి. కొత్త కార్లలో ఏబీఎస్ తో పాటు ముందూ వెనకా పంచే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అది కొంత సర్దుతుంది. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ని ట్యూన్ చేసింది కంపెనీ కాలిపర్లకి, మీ ఎర్రవాటికి కాదు. అంటే లక్ష రూపాయలు పోసి కారు ఆగే దూరాన్ని పెంచుకునే అవకాశం నిక్షేపంలా ఉంది! పైగా పెద్ద పిస్టన్లు నిండడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, మాస్టర్ సిలిండర్ పాతదే. కాబట్టి పెడల్ లోతుగా పోతుంది. ఒక మాడ్యూల్ ని వేరే వెర్షన్ తో మార్చేసి, మిగతా సిస్టమ్ ని టెస్ట్ చేయకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ లోకి తోసే పని మనలో ఎవడైనా ఆఫీసులో చేస్తాడా? చేస్తే ఉద్యోగం ఉంటుందా?

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందా? మనలో చాలామందిమి ఎండలో నిలబడి చూశాం. ఆ జెన్ 3 బండ్లకి వెనక హైడ్రాలిక్ బ్రేకులే లేవు. మోటార్లే వెనక చక్రాలని పట్టి ఆపుతాయి, ఆ శక్తి బ్యాటరీకి పోతుంది. గంటకి మూడొందల కిలోమీటర్ల లెక్కలో తయారైన బండికి వెనక డిస్కు తీసేయగలిగారంటే, నాలుగు చక్రాలకీ పని ఎలా పంచాలి అన్నది ముందు తేల్చుకున్నారు కాబట్టి. అక్కడ చూసొచ్చి మనం నేర్చుకున్నది మాత్రం కాలిపర్ కి రంగు వేయడం. కొందరైతే అదీ కాదు, పెద్ద కంపెనీ పేరు ముద్రించిన ప్లాస్టిక్ తొడుగులు కొని మామూలు కాలిపర్ మీద అంటిస్తున్నారు. తగలాల్సిన గాలి తగలకుండా బ్రేకుకి దుప్పటి కప్పడం అన్నమాట. వాళ్ళ గురించి ఇంతకన్నా రాయను.

సరే, తిట్టడమేనా, ఏం చేయాలో చెప్పవా అంటారు. చెప్తా. మొదట టైర్లు, నాలుగూ ఒకేసారి. పక్కనున్న నాలుగు అంకెలు చూసి, ఈ మధ్య తయారైనవి తీసుకోండి. గాలి చూసుకోండి. తర్వాత ఆయిల్ మొత్తం దించి కొత్తది. కొన్ని కార్లలో ఏబీఎస్ పంపు లోపల మిగిలిన పాత ఆయిల్ పోవాలంటే స్కానర్ పెట్టి పంపు తిప్పాలి, మీ మెకానిక్ దగ్గర అది ఉందో లేదో అడగండి. ఆ తర్వాత ప్యాడ్లు. ప్యాడ్ అంచు మీద రెండక్షరాల కోడ్ ఉంటుంది, ఎఫ్ఎఫ్ అనో జీజీ అనో. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటి దానికన్నా కిందికి పడిపోయే ప్యాడ్ వద్దు. రేసు ప్యాడ్లు అంతకన్నా వద్దు. చల్లగా ఉన్నప్పుడు అవి పట్టవు, జనవరి పొద్దున ఇంటి గేటు దాటగానే తొక్కే మొదటి బ్రేకుకే మనకి పట్టు కావాలి. రబ్బరు గొట్టాలు పదేళ్ళవి అయితే అవి కూడా మార్చండి. స్టీలు అల్లిక గొట్టాలు వేస్తే స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి, ఎక్కడా రాసుకోవట్లేదని చూడండి. దీన్ని పది మందిలో తొమ్మిది మంది చూడరు. బోల్టులు టార్క్ రెంచితోనే బిగించమనండి. పోలో చక్రం బోల్టు 120 న్యూటన్ మీటర్లు. గాలి గన్నుతో గర్ర్ మని బిగించి "అయిపోయింది సార్" అంటే కాదు.

ఇక కొత్త ప్యాడ్లు వేశాక వాటిని అలవాటు చేయాలి. ఇది ఎవరూ చేయరు. ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 20 దాకా గట్టిగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్ళీ వేగం అందుకోవడం, అలా ఎనిమిది పది సార్లు. తర్వాత పది నిమిషాలు బ్రేకు జోలికి పోకుండా నడిపి చల్లారనివ్వాలి. వేడి మీద పెడల్ తొక్కి పట్టుకుని ఆపేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకే చోట అంటుకుంటుంది. తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది, డిస్కు వంకర పోయింది అని మళ్ళీ కొత్త డిస్కులు అమ్ముతారు. ఇన్నీ చేశాక, ట్రాక్ కి వెళ్ళి, మూడో రౌండులో నిజంగా వేడి చాలట్లేదు అని తేలితే అప్పుడు పెద్ద డిస్కులు కొనండి, ముందూ వెనకా జతగా లెక్క కట్టిన సెట్టు. అలాంటి వాళ్ళు మా గుంపు మొత్తం మీద ఒకడున్నాడు. వాడు మెడ్రాస్ ట్రాక్ కి ఏటా పోతాడు, వాడి కాలిపర్లు నల్లగా, దుమ్ము కొట్టుకుని ఉంటాయి.

ఇప్పుడు రెండో మాట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మిత్రులందరూ ముందు ట్రాక్టరు వాణ్ణి తిడతారు. లైటు లేకుండా హైవే ఎక్కడమేంటి, ఈ ఊరోళ్ళకి బుద్ధి లేదు, వగైరా. నేనూ ఆ రాత్రి దిగి అరిచా. అతను వణికిపోతూ "సారూ, లైటు ఉండె సారూ, గా చేన్ల ఇరిగిపోయింది" అన్నాడు. తప్పు అతనిదే, కాదనను. కానీ అతని బండి సంగతి మనకెంత తెలుసు?

మా బాపు నలభై ఏళ్ళుగా ట్రాక్టరు నడుపుతున్నాడు. ట్రాక్టరుకి బ్రేకు పెడళ్ళు రెండు. ఎడమ వెనక చక్రానికి ఒకటి, కుడి వెనక చక్రానికి ఒకటి. దున్నేటప్పుడు చాలు చివర ఒక్కటే తొక్కితే బండి అక్కడికక్కడే తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు ఆ రెండిటినీ కలిపి పట్టీ వేయాలి. మర్చిపోతే, వేగంలో ఒక్కటే పడితే, బండి తిరగబడుతుంది. ముందు చక్రాలకి మామూలుగా బ్రేకులే ఉండవు. మా దగ్గర చూసే ట్రాలీలకి అసలు ఏ బ్రేకూ లేదు. నాలుగు టన్నుల పసుపు, దాని కింద టన్నున్నర ఇనుము, అవన్నీ వెనక నుంచి తోస్తుంటే ఆపాల్సింది రెండే రెండు ట్రాక్టరు చక్రాలు. నేను ఆపాల్సింది టన్నూ పావు. వాడు ఆపాల్సింది ఏడు టన్నులు. నా దగ్గర ఏబీఎస్ ఉంది, ఏప్రిల్ 2019 తర్వాత ఈ దేశంలో అమ్మిన ప్రతి కారుకీ తప్పనిసరి కూడా అయింది. ఏబీఎస్, లక్ష రూపాయల కాలిపర్లు, రెండు హెడ్‌లైట్లూ ఉన్నవాడు 90లో పోతూ, ఏమీ లేనివాడు 15లో వస్తుంటే, జాగ్రత్త మొత్తం వాడి మీదే వేయడం కొంచెం సిగ్గుగా ఉంటుంది నాకు.

అదే ఎన్‌హెచ్ 63 మీద ఇంకా ముందుకి పోతే జగిత్యాల, అక్కడికి దగ్గర్లోనే కొండగట్టు. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాట్ దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అరవై మందికి పైగా చనిపోయారు. బస్సులో పట్టాల్సిన దానికన్నా చాలా ఎక్కువ మంది, వంద దాకా ఉన్నారు. బ్రేకులు పోయాయా, కిక్కిరిసిన బరువా, ఆ దారిలో ఆ బస్సు వెళ్ళడమే తప్పా అని చాలా రోజులు వాదించుకున్నారు. వేడి, బరువు, ఆపే శక్తి అని మనం కార్ల గుంపులో మాట్లాడుకునే మాటలకి మా వైపు అర్థం అది. మా మండలాల్లో ఆ మాటలు వింటే జనానికి గుర్తొచ్చేది ఎర్ర రంగు కాదు.

బాపు నన్ను తిట్టలేదు. ఊడిన అద్దం చేతిలో పట్టుకుని చూసి, "గా బ్రేకులకు ఎంత పెట్టినవ్ రా?" అన్నాడు. చెప్పా. కాసేపు ఏమీ అనలేదు. "గా పైసలకు మనూరి ట్రాలీలన్నిటికి లైట్లు ఏపియ్యొచ్చు కదరా" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, మనసులో లెక్క వేసుకుని అన్నాడు.

లైట్లు నా వల్ల కాలేదు, వైర్లు చేన్లలో తెగిపోతాయి. ఎర్ర రిఫ్లెక్టర్ టేపు చుట్టలు కొని తీసుకెళ్ళి, రెండు ఆదివారాలు కూర్చుని మా వాడకట్టులో ట్రాలీల వెనక అంటించాం. దుమ్ము తుడిచి అంటించాలి, లేకపోతే వారానికే ఊడిపోతుంది. ముప్ఫై ఒకటి అంటించాం. ఒక ముసలాయన "ఇది ఏ పార్టీది బిడ్డా?" అని అడిగాడు. ఏ పార్టీదీ కాదు కాకా అంటే నమ్మలేదు.

కారుకి మళ్ళీ 15 అంగుళాల చక్రాలు, కొత్త టైర్లు, కంపెనీ డిస్కులే మంచి ప్యాడ్లతో, కొత్త ఆయిల్, వెనక డ్రమ్ములు విప్పి శుభ్రం చేసి కొత్త లైనర్లు. అన్నీ కలిపి కిట్టు ఖర్చులో మూడో వంతు అయింది. కిట్టు మోర్తాడ్ లో మా పసుపు కొట్టంలో గోనె సంచిలో ఉంది. ఇద్దరు ముగ్గురు అడిగారు, అమ్మలేదు.

శనివారం ఇంటికొచ్చాక మా గుంపులో ఈ లెక్కలన్నీ పెట్టి, అందరూ వాళ్ళ టైర్ల మీది నాలుగు అంకెలు ఫోటో తీసి పెట్టండి అన్నా. ఇరవై ఆరు మందిలో తొమ్మిది మంది పెట్టారు. ఆ తొమ్మిదిలో నాలుగు టైర్లు ఆరేళ్ళ పైబడినవి. ఎర్ర కాలిపర్లతను మాత్రం ఫోటో పెట్టలేదు. రాత్రి పదకొండింటికి విడిగా మెసేజ్ పెట్టాడు, ఏ టైరు కొనాలి అని. సంతోషమేసి మూడు రకాలు, కొలతలతో సహా రాసి పంపా. కాసేపటికి ఇంకో మెసేజ్ వచ్చింది.

"వీటిలో ఎర్ర గీత ఉన్నది ఏది?"